చొక్కాలు ఉతికిన నీళ్లు

అత్తవారింట్లో ఆమెకు మొట్టమొదట నేర్పిన పని చొక్కా దులపడం. పెళ్లయి వచ్చిన నాలుగోరోజు పొద్దున్నే అత్తగారు పెరటి తలుపు తీసి, కొడుకు డ్యూటీ చొక్కాను భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని, "ఇలా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని గట్టిగా విదిలించు. ఆ తర్వాతే నానబెట్టాలి. లేకపోతే ఎన్ని నీళ్లు మార్చినా దుమ్ము వదలదు" అని చూపించింది. కొడుకు పనిచేసేది బ్యాటరీల ఫ్యాక్టరీలో, సీసం పలకలు తయారుచేసే సెక్షన్లో. అంతకుముందు మామగారూ అక్కడే పనిచేసి, అక్కడే రిటైరై, ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే పోయాడు. మామగారి చొక్కాల నుంచి మొగుడి చొక్కాల దాకా వచ్చిన ఆ పనిని అత్తగారు తాళంచెవులు ఇచ్చినంత తేలిగ్గా కోడలి చేతిలో పెట్టింది.

ఇంట్లో బట్టలుతికే మిషను ఉంది. దుప్పట్లు, తువ్వాళ్లు, ఆడవాళ్ల బట్టలు అన్నీ అందులోనే వేస్తారు. డ్యూటీ బట్టలు మాత్రం వెయ్యరు. మొదటివారం తెలియక వెయ్యబోతే భర్త గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "అందులో వెయ్యకు. మిషను పాడైపోతుంది." ఆ మాటకి అప్పుడామె నవ్వింది. కొత్తకాపురంలో మగవాడి కంగారు కూడా ముద్దుగానే ఉంటుంది. ఆ తర్వాత నాలుగేళ్లపాటు వారానికి ఆరు జతలు చేత్తోనే ఉతికింది.

ఉతకడం ఆమెకు కష్టమని ఎప్పుడూ అనిపించలేదు. నిజం చెప్పాలంటే ఆ పొద్దుటి అరగంట ఒక్కటే ఆ ఇంట్లో ఎవరూ ఆమెను పిలవని సమయం. చొక్కా విదిలిస్తే దుమ్ము మబ్బులా లేచి, గోడ మీంచి వాలే ఎండలో కాసేపు ఆగిపోయేది. బూడిదరంగు దుమ్మే అయినా ఎండ తగిలితే వెండిపొడిలా మెరిసేది. ఆమె తొట్టి అంచున కూర్చుని, ఆ మెరుపు నెమ్మదిగా కిందికి దిగడం చూస్తూ, తానూ దానితోబాటే ఎక్కడికో దిగిపోతున్నట్టు ఉండిపోయేది. చిన్నప్పటి వీధి గుర్తొచ్చేది. ఎవరో పిలిచినట్టుండేది, ఎవరూ ఉండేవారు కాదు. పెదవుల మీద ఒక్కోసారి కొంచెం తియ్యగా తగిలేది. ఆ తీపి ఎక్కడిదని ఆమె ఎన్నడూ ఆలోచించలేదు.

తొమ్మిదింటికి ఆమె ఇంకో ఉద్యోగానికి వెళ్లేది. 'ఇంకో' అన్నది ఆమె మనసులో అనుకునే మాట. ఇంట్లోవాళ్ల లెక్కలో ఆమెకున్న ఉద్యోగం అదొక్కటే, దాన్ని ఉద్యోగమనడానికి కూడా వాళ్లకి మనసొప్పదు. రెండు బస్‌స్టాపుల అవతల ఉన్న పరిశోధనశాలలో ఆమె లాబ్ అసిస్టెంటు. గాజుసీసాలు కడగడం, వాటిని ఆవిరిలో ఉడికించడం, సూక్ష్మజీవులకు తిండి కలపడం, వేళకి వాటిని ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చడం ఆమె పని. పెళ్లైన కొత్తలో భర్త ఒకసారి చూడ్డానికొచ్చి, వరసగా బోర్లించిన ఆ సీసాలన్నీ చూసి, "సీసాలమ్మవన్నమాట" అన్నాడు. అక్కడున్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లోనూ లాబ్‌లోనూ ఆమె సీసాలమ్మే.

లాబ్‌కి పెద్దసారు ఒకరు. మంచివాడే. గొంతు పెంచడు, టీ తాగేటప్పుడు ఎదురుగా కూర్చోమంటాడు. బ్యాటరీ ఫ్యాక్టరీవాళ్లు తమ కాలవలోకి వదిలే నీళ్లలో సీసం తగ్గించే మార్గం వెతకమని ఆయనకి అప్పగించారు. ఆయన ఆ కాలవ బురదలోంచే ఒక రకం బ్యాక్టీరియాను వేరుచేశాడు. అంటే, ఆయన వేరుచేశాడని పత్రికలో రాశారు. బురద తెచ్చింది సీసాలమ్మ. పన్నెండు వారాలపాటు ఆదివారాలతో సహా వచ్చి, చచ్చినవాటిని పారబోసి, బతికినవాటిని సీసాల్లో పెంచింది కూడా ఆమే. అచ్చైన వ్యాసం చివర 'సహకరించిన సిబ్బందికి ధన్యవాదాలు' అని ఉంది. ఆ సిబ్బంది ఎవరా అని ఆమె ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

ఆ జీవులంటే ఆమెకు ఇష్టం. ఉదయం ఎవరూ రాకముందే లాబ్ తలుపు తీస్తే గోరువెచ్చని గాలి, దాంట్లో తడిమట్టి వాసన. ఊపే మిషను అరల మీద సీసాలు సన్నగా ఊగుతూ ఉంటాయి, పడవలో పడుకున్న పిల్లల్లా. "పేపర్లవాళ్లు ఇవి సీసాన్ని తినేస్తాయని రాస్తారు" అన్నాడు పెద్దసారు ఒకసారి, ఆమెకు పెద్ద మైక్రోస్కోపు ఫొటో చూపిస్తూ. "తినవు. సీసాన్ని ఎవరూ తిని అరిగించుకోలేరు. అది కుళ్లదు, కాలి బూడిదవదు. ఇవి చేసేదల్లా దాచుకోవడం. కొంత పైపొరకి అంటించుకుంటాయి. లోపలికి వచ్చినదాన్ని ఇదిగో, ఇలా గింజలు కట్టి ఓ మూల పెడతాయి." ఫొటోలో గుండ్రని బూడిదరంగు కణం, దాని లోపల నల్లటి చుక్కలు. సీసాలమ్మకి అది వర్షం వెలిసిన రాత్రి చుక్కల ఆకాశాన్ని రంగులు తారుమారు చేసి చూసినట్టనిపించింది. "మరి అవి చచ్చిపోతే?" అని అడిగింది. "చచ్చి చితికితే అదంతా మళ్లీ నీళ్లలోకే. అందుకే అవి బతికుండగానే వడగట్టి, ఆ ముద్దని డ్రమ్ముల్లో పెట్టి సీలు వేస్తాం" అన్నాడాయన.

చూడ్డానికొచ్చిన పెద్దమనుషులకి మాత్రం ఆయన వేరేగా చెప్పేవాడు. "ఆడవాళ్లలాంటివండీ ఇవి. ఎంత విషమైనా మింగేసి నోరెత్తకుండా ఊరుకుంటాయి." అందరూ నవ్వేవారు. సీసాలమ్మ ట్రేలు సర్దుకుంటూ వినేది. ఊరుకోవడమేమిటి, అనుకునేది. ఆ పన్నెండు వారాల్లో కోట్లకి కోట్లు చచ్చాయి. మిగిలినవి ఊరుకుని మిగల్లేదు. లోపలికొచ్చిన విషాన్ని పట్టి బయటికి తోసేసే మార్గాలు వాటికి ఉన్నాయని ఆ వ్యాసంలోనే, నాలుగో పేజీలో, పెద్దసారే రాశాడు. ఆ మాట అనాలని నోటిదాకా వచ్చేది. అనేది కాదు.

ఆమెకు రెండోసారి కూడా మూడో నెలలోనే కడుపు పోయింది. ఆసుపత్రి మంచం మీద ఆ మధ్యాహ్నమంతా ఆమె మెలకువలో ఉందో నిద్రలో ఉందో తెలియలేదు. కిటికీ తెర గాలికి లేచి పడుతుంటే గదిలో నీళ్లు నిండుతున్నట్టూ, తాను ఆ నీళ్ల అడుగున పడుకుని పైనున్న వెలుతురును చూస్తున్నట్టూ ఉంది. పైన ఎక్కడో చాలా చిన్న చేతులు నీటిని కదిలిస్తున్నాయి. వాటిని అందుకుందామని లేవబోయింది. తన ఎముకలు ఇంత బరువెందుకున్నాయో ఆమెకు అర్థం కాలేదు. డాక్టరు వచ్చి, "ఇలా జరుగుతూనే ఉంటుందమ్మా, కారణం చెప్పలేం" అని చేతులు దులుపుకుంది.

కారణం చెప్పడానికి ఇంట్లో సిద్ధంగా ఉన్నారు. "ఆ పురుగుల మధ్య పొద్దస్తమానం నిలబడితే కడుపెలా నిలుస్తుంది?" అంది అత్తగారు, పక్కింటావిడకి వినపడేలా. "నేను మొదటిసారే చెప్పాను. నా మాట ఎవరికి పడుతుంది?" భర్త అంత గట్టిగా అనలేదు. ఆమె పక్కన కూర్చుని, దుప్పటి సర్ది, "అమ్మ అన్నదాంట్లో తప్పేముంది చెప్పు. ఒక ఏడాది మానేసి చూద్దాం. నీ సీసాలు ఎక్కడికీ పారిపోవు కదా" అన్నాడు. తన మీద అంత మెత్తగా పడిన మాటని ఎలా కాదనాలో ఆమెకు తెలియలేదు. వారం తిరిగేసరికి రాజీనామా ఉత్తరం కూడా అతనే రాసి పెట్టాడు, గుండ్రటి అక్షరాలతో, తప్పుల్లేకుండా. ఆమె చేయవలసిందల్లా కింద సంతకం. నెలాఖరుకి ఇస్తానని మడిచి సంచిలో పెట్టుకుంది.

నిజానికి ఆమె కూడా నమ్మింది. చెప్పుకోవలసింది అదే. బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన అరచేతులు చూసుకునేది. ఈ చేతులతోనే కదా సీసాలు పట్టుకుంది, వీటికి అంటుకునే కదా ఇంటికి వచ్చి ఉంటుంది, అనుకునేది. లాబ్‌లో చేతులు ఒకసారి కడుక్కోవాల్సిన చోట నాలుగుసార్లు కడుక్కునేది. ఇన్నాళ్లూ పిల్లల్లా చూసుకున్న ఆ సీసాల వైపు చూడాలంటే ఎవరో నమ్మించి మోసం చేసినట్టు ఉండేది.

నెలాఖరు ఇంకా పదిరోజులుందనగా పెద్దసారు పిలిచాడు. "కాలవలోకి కాలనీవాళ్ల సబ్బునీళ్లు కూడా కలుస్తున్నాయట. సబ్బులో మనవి బతుకుతాయో లేదో చూడాలి. మీ ఇంట్లో బట్టలుతికిన నీళ్లు ఒక సీసా పట్టుకురండి." మర్నాడు పొద్దున్న తొట్టిలో నానుతున్నవి డ్యూటీ చొక్కాలే. ఆ నీళ్లే ఒక సీసాలో ముంచి తెచ్చింది.

ఏ నీళ్లు వచ్చినా ముందు వాటిలో సీసం ఎంతుందో చూడటం లాబ్ పద్ధతి. అందుకు పక్కగదిలో ఒక మిషను ఉంది. నీటిని తుంపరగా చేసి సన్నటి మంటలోకి పంపితే, నీళ్లలో సీసముంటే ఆ మంటగుండా పోయే వెలుగులో కొంత అది పట్టేసుకుంటుంది. ఎంత పట్టుకుందో మిషను అంకెలో చెబుతుంది. సున్నా వస్తుందని ఆమె పెన్ను కూడా సున్నా మీదే ఆన్చి కూర్చుంది. వచ్చిన అంకె, ఫ్యాక్టరీ కాలవలోకి వదలొచ్చని రాసి ఉన్న దానికి అరవై రెట్లు.

సీసా సరిగ్గా కడగలేదు, అనుకుంది వెంటనే. ఏ తప్పు జరిగినా ముందు తన చేతుల్లోనే వెతుక్కోవడం ఆమెకు అలవాటైపోయింది. సీసాలమ్మ కడిగిన సీసాలో సీసం మిగిలిందంటే ఇంక తను ఎందుకు? మూడు కొత్త సీసాలు తీసి, యాసిడ్‌లో రాత్రంతా నానేసి, మర్నాడు కడిగి ఎండబెట్టింది. ఆ మర్నాడు ఇంటి నుంచి ఆ మూడు సీసాల్లో మూడు రకాల నీళ్లు పట్టుకొచ్చింది. ఒకటి కుళాయి నీళ్లు. ఒకటి దుప్పట్లు ఉతికిన మిషను నీళ్లు. ఒకటి డ్యూటీ చొక్కాలవి. మొదటి రెండింటిలో చెప్పుకోదగ్గ సీసం లేదు. మూడోదానిలో, ఈసారి డెబ్భై రెట్లు.

ఆమె ఆ గదిలో స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయింది. మంట సన్నగా నీలంగా వెలుగుతూనే ఉంది. దాని వెలుగులో పెరటి ఎండ కనిపించింది. గోడ మీంచి వాలే ఎండ, అందులో వెండిపొడి, దాని కింద నోరు కాస్త తెరిచి కలలు కంటూ కూర్చున్న ఒక ఆడది. పెదవుల మీద ఆ తీపి. ఫ్యాక్టరీలోంచి సీసం బయటికి రావడానికి రెండు దారులున్నాయన్నమాట. ఒకటి గొట్టం. దానికి కొలతలున్నాయి, మనుషులున్నారు, పరిశోధనశాల ఉంది, పన్నెండు వారాలు చచ్చి బతికిన బ్యాక్టీరియా ఉంది. రెండోది ప్రతి సాయంత్రం ఆరున్నరకి బస్సు దిగి, వీధి మలుపు తిరిగి, ఆమె తలుపు కొడుతుంది. దానికి ఆమె ఎదురెళ్లి చేతిసంచి అందుకుంటుంది.

మధ్యాహ్నం అన్నం మానేసి లైబ్రరీ గదిలో కూర్చుంది. వెతికితే దొరికిన పుస్తకంలో ఉంది. ఒంట్లోకి వెళ్లిన సీసాన్ని ఎముక కాల్షియం అనుకుని తీసి దాచుకుంటుందట. ఇరవై ముప్పై ఏళ్లు అలాగే దాచి ఉంచుతుందట. ఆడమనిషి కడుపుతో ఉంటే బిడ్డ కోసం ఎముకలు తమలోని కాల్షియాన్ని వదులుతాయట, దాంతోబాటు ఆ దాచిందీ బయటికొస్తుందట. ఆ పేరా ఆమె నాలుగుసార్లు చదివింది. నాలుగోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

పెద్దసారు అంకెలు చూసి కళ్లజోడు పైకి నెట్టుకున్నాడు. "అద్భుతమైన శాంపిలండీ ఇది. ఎవరూ చూడని కోణం. ఇంకో రెండు లీటర్లు తేగలరా?"

"అవి మా ఇంటి నీళ్లు సార్."

"అదే, అదే. మరో నాలుగిళ్ల నుంచి కూడా తెస్తే మంచి వ్యాసమవుతుంది."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. కోపం రాలేదు. ఆయన నిజంగానే సంతోషిస్తున్నాడు. ఆ నీళ్లలో చేతులు పెట్టిందెవరన్న ప్రశ్న ఆయనకి తట్టలేదు, అంతే. "తెస్తాను సార్" అంది. "కానీ ఈసారి వ్యాసంలో సిబ్బంది అని రాయకండి. నా పేరు రాయండి. ఆ నీళ్లు ఎవరివో కూడా రాయండి." ఆయన నీళ్లు నమిలాడు. తర్వాత తలూపాడు. ఆ తలూపడం ఎంతవరకు నమ్మాలో ఆమెకు తెలియదు గానీ, అడిగిన తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆ సాయంత్రం భర్త మొహం కడుక్కుని కూర్చున్నాక అంకెలు రాసిన కాగితం ఎదురుగా పెట్టి, మెల్లగా, తడబడకుండా అంతా చెప్పింది. అతను సగం విని, "పురుగుల్ని చూసి చూసి నీకు అన్నిచోట్లా అవే కనిపిస్తున్నాయి" అన్నాడు.

"ఇవి పురుగులు కావండీ. సీసం."

"మా సెక్షన్లో అరవైమంది ఉన్నాం. అందరిళ్లలోనూ ఉతుకుతున్నారు. ఎవరైనా చచ్చారా? ఆర్నెల్లకోసారి మా రక్తం చూస్తారు. నంబరు ఎక్కువొస్తే వేరే సెక్షన్‌కి మారుస్తారు. అన్నీ పద్ధతిగానే ఉన్నాయి."

"మీ రక్తం చూస్తారు. మాది?"

అతను కాగితం పక్కకి నెట్టాడు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. అతనలా వెనక్కి తిరిగి నిలబడ్డప్పుడు భుజాలు ముసలివాడి భుజాల్లా ఉంటాయని ఆమె అంతకుముందు గమనించలేదు. "మీకు తెలుసు" అంది నెమ్మదిగా. "మిషన్లో వెయ్యొద్దన్నారు. పాడైపోతుందన్నారు."

"ఏదో నోటికొచ్చింది అన్నాను. అందరూ అనేదే."

"మిషను పాడైపోతుందని తెలిసినవాళ్లకి నా చేతులు గుర్తు రాలేదా?"

వంటగది గుమ్మంలో అత్తగారు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. "ఈ మాటలు బయట అనకండి" అంది కొడుకుతోనూ కోడలితోనూ కలిపి, "ఉద్యోగం పోతుంది." అంటున్నప్పుడు దీపం వెలుగు ఆమె నోటి మీద పడింది. కింది చిగుళ్ల అంచున, పళ్ల మొదట్లో, పెన్సిలుతో గీసినట్టు నీలంగా ఒక గీత. ఆ గీతని సీసాలమ్మ నాలుగేళ్లుగా చూస్తూనే ఉంది. వక్కపొడి మరక అనుకుంది. మధ్యాహ్నం చదివిన పుస్తకంలో దాని బొమ్మ ఉంది.

మర్నాడు ఆమె చొక్కాలు ఉతకలేదు. ఎవరితోనూ చెప్పలేదు, పోట్లాడలేదు. వాటిని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి పెరట్లో పెట్టింది. ఆ అరగంట వంటింటి గట్టు మీద కూర్చుని టీ తాగింది. రెండోరోజూ అంతే. భర్త చూశాడు, బీరువాలోంచి ఇంకో జత తీసుకుని వెళ్లిపోయాడు. మూడోరోజుకి మడతపెట్టిన జతలు అయిపోయాయి. అతను బీరువా ముందు నిలబడి, "రేపు ఏం వేసుకెళ్లను?" అన్నాడు గోడతో చెబుతున్నట్టు.

నాలుగోరోజు ఆమె నిద్రలేచేసరికి పెరట్లో నీళ్ల చప్పుడు. అత్తగారు తొట్టి ముందు కూర్చుని ఉంది. సంచి విప్పి ఉంది. ఆవిడ కుడి మణికట్టు ఎప్పటి నుంచో సరిగ్గా లేవదు. చొక్కాని మోచేత్తో నొక్కిపట్టి ఎడంచేత్తో రుద్దుతోంది.

"అత్తయ్యా, లేవండి."

"మగవాడు చొక్కా లేకుండా డ్యూటీకెలా వెళతాడే? నువ్వు ఉతకవు, నేనూ ఉతక్కపోతే?"

సీసాలమ్మ వెళ్లి పక్కన కూర్చుంది. అత్తగారి రెండు చేతులూ నీళ్లలోంచి తీసి, కుళాయి కింద పెట్టి, సబ్బుతో వేళ్ల సందులు, గోళ్లు, మణికట్టు దాకా కడిగింది. లాబ్‌లో తాను కడుక్కునేట్టే, తొందర లేకుండా. కడుగుతూ ఎముకల సంగతి చెప్పింది. దాచుకోవడం గురించి, కడుపుతో ఉన్నప్పుడు అది బయటికి రావడం గురించి, పుస్తకంలోని మాటల్ని ఇంటి మాటల్లోకి మార్చి చెప్పింది. చిగుళ్ల మీది గీత గురించి, మణికట్టు గురించి, మెలిపెట్టే కడుపునొప్పి గురించి చెప్పింది. ఆ నొప్పితో ఆవిడ పడుకున్న రోజుల్లో మామగారు 'పని ఎగ్గొట్టే నాటకం' అనేవాడని పక్కింటావిడ చెప్పగా ఆమె విని ఉంది.

అత్తగారు చేతులు వెనక్కి తీసుకోలేదు. కుళాయి నీళ్లు తన చేతుల మీంచి జారిపోవడం చూస్తూ ఉంది. పెరట్లో ఎండ వచ్చింది.

"వీడికి ముందు నాకు మూడు పోయాయి" అంది చివరికి. ఆ మాట అంతవరకు ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. "మూడోది ఐదో నెల. ఆడపిల్ల. మా అత్తగారు నేను కుట్టుమిషను తొక్కడం వల్లే పోయిందన్నారు. ఆ మిషను ఎవరికో ఇచ్చేశారు. నాకు కుట్టడమంటే ఎంత ఇష్టమో. నేనూ నమ్మాను. ఇన్నేళ్లూ నా కాళ్లని నేనే తిట్టుకున్నాను." కోడలి వైపు తిరిగి, "నీ పురుగుల్ని అన్నాను కదా" అంది.

"అన్నారు."

"అనకుండా ఉండాల్సింది."

ఇద్దరూ అలాగే కూర్చున్నారు. కుళాయి ఎవరూ కట్టలేదు. సీసాలమ్మకి ఆ పెరడంతా నెమ్మదిగా నీళ్లతో నిండుతున్నట్టూ, అత్తాకోడళ్లిద్దరూ ఆ నీళ్లలో బరువు లేకుండా తేలుతున్నట్టూ ఉంది. పొట్టి జడతో ఒక ఆడపిల్ల తొట్టి అవతల నిలబడి వీళ్లని చూస్తున్నట్టూ ఉంది. ఆ పిల్లకి ఇప్పుడు ముప్పై ఏళ్లుండేవి. ఎంతసేపైందో తెలియదు. అత్తగారే ముందు లేచింది. తడిసిన చొక్కాని సబ్బుతో సహా సంచిలో కుక్కి, మూతి ముడివేసి, దాన్ని మోచేతికి తగిలించుకుని కొడుకు గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకోలేదు కాబట్టి మాటలు బయటికి వినపడ్డాయి.

"ఇవి తీసుకెళ్లి మీ ఫ్యాక్టరీలో ఇవ్వు. అక్కడి దుమ్ము అక్కడే ఉతుక్కోమను. వేసుకోవడానికి వాళ్ల బట్టలే ఇమ్మను, వచ్చేటప్పుడు అక్కడే స్నానం చేసి నీ బట్టలు వేసుకుని రా."

"అమ్మా, నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే ఇంటికి రమ్మను. నేను మాట్లాడతాను."

అతను ఆ రోజు మామూలు చొక్కాతో, చేతిలో సంచితో వెళ్లాడు. నవ్వారట. ఆ సెక్షన్లో ఇంకో ఇద్దరి భార్యలకి కూడా కడుపు నిలవలేదని ఆ నవ్వుల మధ్యే తెలిసిందట. ఆ ఇద్దరూ మర్నాడు సంచులతో వచ్చారట. ఫ్యాక్టరీవాళ్లు ఇంకా ఏమీ ఒప్పుకోలేదు, చూస్తామన్నారు. పని బట్టలు వదలడానికి మాత్రం ఒక గది తెరిచారు. ఇదంతా ఆ రాత్రి కాదు, నెల మీద కొంచెం కొంచెంగా అతనే చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున్న, ఏదో ఇవ్వడం మర్చిపోయినట్టు, బీరువా అడుగు నుంచి ఒక మడత కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాడు. అతని రక్తం రిపోర్టు. నంబరు చుట్టూ ఎర్రగీత. తేదీ ఏడాది కిందటిది. "నువ్వు భయపడతావని" అన్నాడు. భయపడింది ఎవరో ఆమెకు అర్థమైంది. ఆ కాగితం పక్కనే, అతని గుండ్రటి అక్షరాలతో ఉన్న ఉత్తరాన్ని కూడా సంచిలోంచి తీసి పెట్టింది. "ఇది నేను ఇవ్వను" అంది. అతను రెండు కాగితాలనీ చూశాడు. "సరే" అన్నాడు. ఆ ఇంట్లో అంత చిన్న 'సరే' ఆమె ముందెన్నడూ వినలేదు.

పనుల వల్ల వచ్చే జబ్బులు చూసే ఆసుపత్రి ఊరికి ఇంకో చివర ఉంది. ఆ తర్వాతి గురువారం లాబ్‌కి సెలవు పెట్టి, అత్తగారిని తీసుకుని వెళ్లింది. లోపల పొడవాటి వరండా, నీలం కుర్చీలు, కుర్చీల నిండా మగవాళ్లు. పెయింటు వేసేవాళ్లు, పోత పోసేవాళ్లు, అచ్చు పనివాళ్లు. ఆడవాళ్లు వీళ్లిద్దరే. మగవాళ్లు వీళ్లని ఎవరికో తోడొచ్చినవాళ్లనుకుని జరిగి చోటిచ్చారు. అద్దం వెనక రాసుకునే మనిషి తలెత్తకుండానే వివరాలు అడుగుతున్నాడు. వయసు రాశాడు, చిరునామా రాశాడు. పని అన్న గడి దగ్గర పెన్ను ఆపకుండా 'ఏమీ లేదు' అని రాయబోయి, సీసం పరీక్ష అని ఉండటం చూసి ఆగాడు.

"అమ్మా, ఈ పరీక్ష సీసంతో పనిచేసినవాళ్లకి. మీరు ఇంట్లో ఉండేవారే కదా?"

సీసాలమ్మ చెప్పడానికి ముందుకు వంగింది. అత్తగారు ఆమె చేతి మీద చెయ్యి వేసి ఆపింది.

"చేశాను" అంది. "ముప్పై ఒక్క ఏళ్లు."

అతను మొదటిసారి తలెత్తి చూశాడు. "ఏ సెక్షను?"

"ఉతుకు సెక్షను" అంది అత్తగారు, రక్తం తీయడానికి జాకెట్టు చేతిని పైకి లాక్కుంటూ. "రాసుకోండి. ఇదిగో, మా కోడలిది కూడా అదే. తనది నాలుగేళ్ల సర్వీసు."